పద్మాక్షి గుట్ట ఎవరిది?

హనుమకొండలోని పద్మాక్షి గుట్ట మీది గుడి మొదట జైనులదా, హిందువులదా అన్న వాదన ఈ ఊళ్లో కొత్తది కాదు. అమ్మవారి దర్శనానికి గుట్ట ఎక్కినవారికి అక్కడే రాతిలో మలచిన జైన తీర్థంకరుడు పార్శ్వనాథుడు, ఆయనను సేవించే దేవతలైన యక్షుడు ధరణేంద్రుడు, యక్షిణి పద్మావతి కూడా కనిపిస్తారు. గుడి ముందున్న నల్లరాతి స్తంభం మీద ఉన్నవీ జైన శిల్పాలే. అందుకే కొందరు దీనిని చేతులు మారిన బసది, అంటే జైన ఆలయం, అంటారు, మరికొందరు కాకతీయులు కొలిచిన దేవి ఆలయం అంటారు.

బసది సంగతిలో సందేహానికి తావు లేదు. చాళుక్య విక్రమ శకం 42వ సంవత్సరానికి, అంటే 1117కు చెందిన శాసనం ఈ గుట్ట మీదే ఉంది. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్లుని సామంతుడుగా కాకతీయ రెండవ ప్రోలరాజు అనుమకొండను ఏలుతున్న కాలంలో, అతని మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసదిని కట్టించి, దానికి భూమిని దానం చేసింది. అదే శాసనంలో ఉగ్రవాడి అనే ప్రాంతాన్ని ఏలిన మేళరసుడు కూడా దానం ఇచ్చి, తాను లెక్కకు మించిన ఏనుగులూ గుర్రాలూ గల మాధవవర్మ వంశంలో పుట్టినవాడినని చెప్పుకున్నాడు.

చిక్కంతా ఈ మాధవవర్మతోనే ఉంది. 12వ శతాబ్దపు తొలి పాతికలో పొలవాస పాలకులు, అంటే నేటి జగిత్యాల దగ్గరి పొలాస ప్రభువులు, వేయించిన గోవిందాపురం జైన శాసనం తమ మూలపురుషుడు మాధవవర్మకు అంతటి సైన్యం యక్షేశ్వరి అనే జైన దేవత అనుగ్రహం వల్ల వచ్చిందని చెబుతుంది. చాలా కాలం తరువాత వచ్చిన సిద్ధేశ్వర చరిత్ర అనే గ్రంథంలో ఇదే కథ కనిపిస్తుంది. కాకపోతే అక్కడ మాధవవర్మ కాకతీయుల పూర్వికుడు, వరమిచ్చిన దేవత పద్మాక్షి. ఈ రెంటి నడుమ జరిగిన రాజకీయాన్ని 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం చెబుతుంది: కాకతీయ రుద్రదేవుడు మేడరాజును ఓడించి పొలవాస దేశాన్ని తీసుకున్నాడు. రాజ్యంతోపాటు ఓడినవారి వంశకథ కూడా గెలిచినవారి ఖాతాలోకి చేరిందనుకోవడానికి ఇంతకంటే బలమైన కారణం కనబడదు. ఆ కథతోపాటే యక్షిణి కూడా దేవి అయింది.

గణపతిదేవుని సభలో తిక్కన జైనులను వాదంలో ఓడించాడనీ, ఆ పిమ్మట వారి బసదులు నాశనమయ్యాయనీ చెప్పే కథలను తరచు ఇక్కడ ఉదాహరిస్తుంటారు. అవి కాకతీయుల కాలం గడిచిన ఎంతో కాలానికి రాసిన గ్రంథాలలోనివి. వాటిని పట్టుకొని ఈ గుట్ట చరిత్రను తేల్చడం తొందరపాటు. పైగా పార్శ్వనాథుని రూపం గుడిలోనే భద్రంగా ఉండగా ధ్వంసం అనే మాట ఇక్కడ అతకదు. తీర్థంకరుడు మోక్షం పొందినవాడు, భక్తుల కోరికలు తీర్చే పని ఆయనది కాదు. పిల్లాపాపలు, పంట, ఆరోగ్యం కోరేవారు జైనంలోనూ యక్షిణినే మొక్కేవారు. ఆ మొక్కుబడులు ఆగిపోకుండా సాగినంత కాలం గుడి మతం ఏ ఏట మారిందో చెప్పమనడం అర్థం లేని ప్రశ్న.

నేటి హనుమకొండకు మాత్రం ఈ గుట్ట అంటే ముందు గుర్తొచ్చేది కింద ఉన్న పద్మాక్షి గుండమే. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగిసే బతుకమ్మ పండుగకు, తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చుకొని వేలాది ఆడవాళ్లు ఇక్కడికే వస్తారు. ఉయ్యాల పాటలతో ఆడి, బతుకమ్మలను గుండంలో వదిలి, సత్తుపిండి పంచుకుంటారు. ఈ ఆచారానికి శాసనం లేదు, పూజారి అవసరం కూడా పెద్దగా లేదు.

ఇలాంటి గుట్ట ఉత్తర తెలంగాణలో ఇదొక్కటే కాదు. కరీంనగర్ దగ్గరి కురిక్యాలలో పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో జైన యక్షిణి చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కించి, తెలుగులో మూడు కంద పద్యాలు వేయించిన కొండను జనం బొమ్మలమ్మ గుట్ట అంటారు. అక్కడా మిగిలింది అమ్మ పేరే. అయితే పద్మాక్షి గుట్టకు ఏటా వచ్చే జనమే కాపలా. బొమ్మలమ్మకు అంతటి జాతర లేదు, చుట్టూ గ్రానైట్ తవ్వకాలు సాగడంతో ఆ కొండను కాపాడమని చరిత్రకారులు గొంతెత్తవలసి వచ్చింది.