చెవికి మాట, కంటికి బొమ్మ

ఈ రాత్రి టీవీ వార్తలు చూస్తూ ఒక చిన్న ప్రయోగం చేయండి. యాంకర్ చెబుతున్నది వింటూనే, తెర అడుగున పరిగెత్తే స్క్రోలింగ్ కూడా చదవండి. నాలుగు మాటలు సాగేసరికి రెండింట్లో ఒకటి చేజారుతుంది. అదే యాంకర్ మాటల వెంట తుపాను మేఘాలు సుడి తిరిగే బొమ్మ కనిపిస్తుంటే, వినడమూ చూడడమూ ఇబ్బంది లేకుండా కలిసి సాగుతాయి. ప్రసంగాల్లో తెర మీద వేసే స్లైడ్ల సంగతీ ఇంతే.

అక్షరాన్ని చూసేది కన్నే. కానీ చదివేటప్పుడు దాన్ని మనసులో పలుకుతూ పోతాం. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వర్కింగ్ మెమరీకి ఒక నమూనా ప్రతిపాదించారు. అప్పుడే విన్నదాన్ని, చూసినదాన్ని మనసు కాసేపు పట్టి ఉంచుకునే చోటు అది. అందులో శబ్దాలకు ఒక గది, బొమ్మలకు మరో గది ఉన్నాయని వాళ్ల ఊహ. వక్త మాట శబ్దాల గదిలోకి వెళ్తుంది. స్లైడు మీది వాక్యం కూడా లోలోపల పలకడం వల్ల అదే తలుపు తడుతుంది. పక్కన బొమ్మల గది ఖాళీగా పడి ఉంటుంది!

కాలిఫోర్నియాలో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ బృందం దీన్ని పిడుగుతో పరీక్షించింది. పిడుగు ఎలా పుడుతుందో చూపే యానిమేషన్‌ను ఒక గుంపు విద్యార్థులు వ్యాఖ్యానంతో చూశారు. మరో గుంపుకు అదే వ్యాఖ్యానాన్ని తెర మీద అక్షరాల్లో కూడా వేశారు. రెండుసార్లు అందింది కదా, రెండో గుంపే బాగా నేర్చుకుని ఉండాలి అనుకుంటాం. వెనకబడింది వాళ్లే. కొత్త సాంకేతిక పదాలు, పేర్లు, అంకెలు ఉన్నప్పుడు, వినేవారికి ఆ భాష అంతగా రానప్పుడు మాత్రం తెర మీద అక్షరం మేలే చేస్తుంది.

ఈ సంగతి మన కథకులకు ఎప్పుడో తెలుసు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలు చూడండి. చింతగింజల పిండి, సుద్ద, బంక పట్టించిన బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో గడులు గడులుగా కథంతా గీసి ఉంటుంది. పటం పొడవు పదుల అడుగులు. కథ చెప్పేవాళ్లు దాన్ని ఒక్కసారే పరిచేయరు. కథ నడిచే కొద్దీ విప్పుతూ, చెబుతున్న ఘట్టాన్ని చూపిస్తారు. మాటలన్నీ వాళ్ల నోట్లోనే ఉంటాయి, బట్ట మీద బొమ్మలే.

అక్షరాలతో కిక్కిరిసిన స్లైడు కీలకమైన విషయాన్నే ఎలా మింగేస్తుందో 2003లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది జనవరి 16న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా షటిల్ లేచిన 82 సెకన్లకు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే, జరిగిన దెబ్బ ఎంతటిదో ఇంజినీర్లు స్లైడ్లలో వివరించారు. వాటిలో ఒకదాని శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. దాని కింద మెట్లు మెట్లుగా బుల్లెట్ పాయింట్లు. అసలు మాట అట్టడుగున ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది 1920. అంటే 640 రెట్లు! తమ పరీక్షలు ఈ దెబ్బ గురించి చెప్పగలిగింది చాలా తక్కువ అన్న సంగతి శీర్షికలో ఉండాల్సింది. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఆ స్లైడే ప్రాణాలు తీసిందనడం న్యాయం కాదు, తప్పులు ఇంకా చాలా ఉన్నాయి. అయినా దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆ స్లైడును ప్రత్యేకంగా ఎత్తిచూపింది. రెండు బొమ్మలు చాలు కదా అనిపిస్తుంది నాకు: నిమ్మకాయంత ముక్క ఒకటి, పక్కనే దానికి 640 రెట్లున్న ముక్క. ఆ గదిలో ఎవరూ వాటిని చూసి తలతిప్పుకునేవాళ్లు కాదు.

నేనూ ఈ తప్పు చేశాను. భూగర్భజలాల మీద ఒక ఊళ్లో మాట్లాడుతూ, పన్నెండు వరుసల స్లైడు పెట్టి దాన్నే చదివాను. పిల్లలు తలెత్తకుండా రాసుకున్నారు, పెద్దలు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాతి ఊళ్లో నేలను నిలువుగా కోసినట్టు ఒక్క బొమ్మ వేశాను. మొదట మట్టి, దాని కింద పగుళ్ల రాయి, ఆ కింద గట్టి రాయి, ఒక్కో పొర గురించి చెప్పాకే తర్వాతి పొర చూపించాను. నీటి మట్టాన్ని నీలి గీతగా దించుకుంటూ వచ్చాను. నడుమ ఒకసారి కీబోర్డులో బి నొక్కి తెరను నల్లగా చేస్తే, అందరి చూపూ నా వైపు తిరిగింది. మళ్లీ బొమ్మ వెలిగించేసరికి వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. "మా బోరు ఇదిగో, ఇక్కడ ఆగిపోయింది సార్" అంటూ పగుళ్ల రాయి అడుగున, నీలి గీతకు జానెడు పైన వేలు పెట్టాడు.