టోనీ మారిసన్ నవలలు: తరగతి గదిలో ఎదురయ్యే అపోహలు, అసలు వాస్తవాలు

పీజీ విద్యార్థులకు అమెరికన్ సాహిత్యం చెబుతుంటాను. నల్లజాతి అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మారిసన్ పాఠం మొదలుపెట్టే రోజున పుస్తకం తెరవకముందే, ఆమె గురించి విన్నదేమిటో ఒక కాగితం మీద రాయమంటాను. ఏటా అవే మాటలు వస్తాయి. చాలావరకు గైడ్లలోంచి దిగినవే.

అపోహ: ఆమె రాసినదంతా బానిసత్వం గురించే.

వాస్తవం: 11 నవలల్లో బానిసత్వం కథకు కేంద్రంగా ఉన్నవి ప్రధానంగా రెండు: 'బిలవ్డ్' (1987), 'ఎ మెర్సీ' (2008). 'బిలవ్డ్' అయినా మొదలయ్యేది 1873లో, అంటే చట్టం బానిసత్వాన్ని రద్దు చేసిన ఎనిమిదేళ్లకు. 'జాజ్' 1926 నాటి హార్లెమ్ (న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట) కథ. 'సులా'లో ఈవా అనే తల్లి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి మత్తుమందులకు లొంగిపోయిన కొడుకు గదికి, ఒంటికాలితో, ఊతకర్రల మీద మెట్లు దిగి వెళుతుంది. వాణ్ణి ఒళ్లోకి తీసుకుని ఊపుతుంది. తర్వాత కిరోసిన్ పోసి నిప్పంటిస్తుంది. అక్కడ యజమానీ లేడు, కొరడా లేదు. ప్రేమ మనిషి చేత ఏమేం చేయించగలదన్న ప్రశ్నను మారిసన్ తొలినాళ్ల నుంచీ వదల్లేదు. 'బిలవ్డ్' ఆ ప్రశ్నకు వచ్చిన అతి పెద్ద రూపం.

అపోహ: 'బిలవ్డ్' నాయిక సెథా కథ మార్గరెట్ గార్నర్ జీవిత చరిత్రే.

వాస్తవం: గార్నర్ నిజమైన మనిషి. 1856 జనవరిలో, బానిసగా ఉన్న కెంటకీ నుంచి పారిపోయి, గడ్డకట్టిన ఒహైయో నది దాటి, బానిసత్వం లేని రాష్ట్రంలోని సిన్సినాటి చేరింది. పట్టుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు తన చిన్నారి కూతుర్ని చంపింది. పారిపోయిన బానిసల చట్టం కింద ఆమెను తిరిగి బానిసత్వంలోకే పంపేశారు. 1858లో మరణించింది. సంపాదకురాలిగా నల్లవాళ్ల చరిత్ర సంకలనం 'ది బ్లాక్ బుక్' (1974) పనిలో ఉండగా మారిసన్ కంట ఒక పాత పత్రికా కథనం పడింది. ఆ తర్వాత గార్నర్ గురించి మరీ లోతుగా వెతకకూడదని కావాలనే అనుకుంది. అందుకే, సెథా కూడా పట్టుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు కూతుర్ని చంపినా, ఆమె దారి వేరు. ఆమె వెనక్కి వెళ్లదు. స్వేచ్ఛగా బతుకుతుంది, చేసినదానితో కలిసి ఒకే ఇంట్లో 18 ఏళ్లు బతుకుతుంది. నవల బరువంతా ఆ 18 ఏళ్ల మీదే ఉంది.

సెథా మహాతల్లా, హంతకురాలా అని విద్యార్థులు తీర్పు అడుగుతారు. పరీక్షల్లోనూ ఇదే ప్రశ్న వస్తుంది, నాకది నచ్చదు. అత్త బేబీ సగ్స్ కూడా కోడల్ని సమర్థించలేక, ఖండించలేక మంచం పట్టింది. సెథాను ప్రేమించే పాల్ డి మాత్రం ఆమె చేసింది తెలిశాక నోరు జారి, నీకు ఉన్నవి రెండు కాళ్లు, నాలుగు కాదు అంటాడు. వెనక్కి వెళ్లి చూడండి. ఒకప్పుడు 'స్కూల్ టీచర్' అని పిలిచే యజమాని సెథాలోని మనిషి లక్షణాలను కాగితంలో ఒకవైపు, జంతు లక్షణాలను మరోవైపు రాయమని తన శిష్యులకు చెప్పాడు. ఆమె అది చెవులారా విన్నది. ఆ లెక్కే ఇప్పుడు ప్రియుడి నోటి నుంచి వచ్చింది.

చనిపోయిన కూతురి సమాధిరాయి దృశ్యాన్ని నేను ఎప్పుడూ తరగతిలో బిగ్గరగా చదివిస్తాను. డబ్బు లేని సెథా, రాయి చెక్కేవాడికి పది నిమిషాలు తన శరీరాన్ని ఇచ్చి ఏడు ఇంగ్లిషు అక్షరాలు చెక్కించుకుంది: 'బిలవ్డ్', అంటే 'ప్రియమైన'. ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే, పాదిరి నోట 'డియర్లీ బిలవ్డ్' (ఎంతో ప్రియమైన) అని విన్న మాటలోని 'డియర్లీ' కూడా దక్కేదేమోనని తర్వాత తలపోస్తుంది. పాదిరి ఆ మాటలతో పిలిచేది ఎదురుగా కూర్చున్న బతికున్నవాళ్లను. సెథా దాన్ని చనిపోయిన బిడ్డకు పేరుగా పెట్టింది.

అపోహ: ఆమె నవలల్లో తెల్లవాళ్లంతా దుర్మార్గులు, నల్లవాళ్లంతా బాధితులు.

వాస్తవం: పారిపోతూ నిండు నెలలతో పడిపోయిన సెథాకు పురుడు పోసింది ఎయిమీ డెన్వర్ అనే పేద తెల్లపిల్ల. ఆ బిడ్డకు పెట్టిన పేరూ డెన్వరే.

ఇక మొదటి నవల 'ది బ్లూయెస్ట్ ఐ' (1970). నీలికళ్లు కావాలని ప్రార్థించే నల్లపిల్ల పికోలా, తల్లి పనిచేసే తెల్లవాళ్ల వంటింట్లో వేడివేడి పండ్ల వంటకాన్ని పొరపాటున కింద పడేస్తుంది. కాళ్లు కాలిన కూతుర్ని తల్లి కొట్టి, 'నా నేల' అంటూ గగ్గోలు పెడుతుంది. ఆ నేల ఆమెది కాదు. ఏడుస్తున్న యజమాని కూతుర్ని మాత్రం దగ్గరకు తీసుకుని ఓదారుస్తుంది. ఆ పాప ఆమెను 'పాలీ' అని ముద్దుగా పిలుస్తుంది. కన్నకూతురు పికోలా మాత్రం 'మిసెస్ బ్రీడ్‌లవ్' అంటుంది. ఈ దృశ్యం చెప్పేటప్పుడు తరగతిలో ఒకరిద్దరు తల దించుకుంటారు. మేనిఛాయ గురించి ఇంట్లోనే మాటలు పడినవాళ్లు మన దగ్గరా తక్కువేమీ కాదు.

అపోహ: కావాలనే అర్థం కాకుండా రాసింది.

వాస్తవం: ఆమె దాచినచోట కారణం ఉంటుంది. సెథా ఇంటి నంబరు 124. నలుగురు పిల్లల్లో చనిపోయింది మూడోది, నంబరులో లేని అంకే మూడు. 'పారడైజ్' నవల మొదటి వాక్యంలోనే తెల్లమ్మాయిని ముందుగా కాల్చారని చెబుతుంది. కాన్వెంట్ అని పిలిచే పాత భవనంలో ఉంటున్న ఆడవాళ్లలో ఆ తెల్లమ్మాయి ఎవరో పుస్తకం ముగిసినా చెప్పదు. విద్యార్థులు మాటతీరు, బట్టలు, అలవాట్లు పట్టుకుని వారం రోజులు వెతుకుతారు. ఒక్కొక్కరు ఒక్కో పేరుతో వస్తారు. వెతకనిస్తాను. ఏ ఆధారం చూసి ఆమె తెల్లదని అనుకున్నారో మాత్రం, ప్రతి పేరు పక్కనా బోర్డు మీద వాళ్ల చేతే రాయిస్తాను.