ఎండిన ఏటికి ఎనిమిది పాళ్ల నీరెక్కడిది?

ఊరి మురుగును శుద్ధి చేశాకే ఏటిలోకి వదలాలన్న మాట నెల్లూరు, ప్రకాశం జిల్లాల పంచాయతీలకు కొత్తదే. ఒక తరం కిందటి వరకు ఆ అవసరం అంతగా రాలేదు. బావిలోంచి చేదతో తోడుకున్న నీటిని ఇంటివాళ్లు పొదుపుగా వాడేవారు. స్నానాల నీరు, అంట్ల నీరు పెరట్లోని అరటి చెట్టుకో కొబ్బరి చెట్టుకో పోయేవి. ఆనాడు ఏర్లు నిర్మలంగా ఉండేవని చెప్పడం నా ఉద్దేశం కాదు. చాలా ఊళ్లకు ఏటి ఒడ్డే మరుగుదొడ్డి, తొలి వానకు ఆ మలినమంతా నీటిలోకే దిగేది.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్‌తో మరుగుదొడ్డి ఇళ్లలోకి వచ్చింది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీరు లక్ష్యంగా పెట్టుకుంది. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందన్నది ఇంజనీర్లు వేసుకునే లెక్క. అంటే 3,000 మంది ఉన్న ఊరి నుంచి రోజుకు 1,32,000 లీటర్లు. ఇంకుడు గుంతలు కొంత ఆదుకుంటాయి గానీ, ఒంగోలు చుట్టుపక్కల రేగడి నేలలు తడిస్తే ఉబ్బి నీటిని దిగనివ్వవు. సెప్టిక్ ట్యాంకు మడ్డిని ఆపుతుందే తప్ప, దానిలోంచి పొర్లి వచ్చే నీటిని శుభ్రం చేయదు. అదంతా సైడు కాలువలోకి, అక్కడి నుంచి వాగులోకి, చివరికి ఏటిలోకి చేరుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని పాత సంగతి ఒకటుంది. మురుగు ఎంత శుభ్రపడితే నదిలో వదలవచ్చో తొలిసారి గట్టిగా లెక్కగట్టింది బ్రిటన్‌లో మురుగు సమస్యపై ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్. నీటిలోని మలినాన్ని తినే సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువును లాగేసుకుంటాయో చెప్పే బీఓడీ అనే కొలత లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని 1912లో చెబుతూ, ఆ మురుగులో కలిసే మంచి నీరు కనీసం ఎనిమిది రెట్లు ఉండాలని షరతు పెట్టింది. తర్వాత అంకె లోకమంతా పాకింది, షరతును మాత్రం జనం మరిచారు. మన దేశంలో సాధారణ ప్రమాణం 30 మిల్లీగ్రాములు. మన ప్రాంతంలోని గుండ్లకమ్మ, మూసి (హైదరాబాదు మూసీ కాదు), పాలేరు, మన్నేరు ఈశాన్య రుతుపవనాల వానలకు పారి, వేసవికి ఇసుక మేటలుగా మిగిలే ఏర్లు. ఏప్రిల్‌లో ఎనిమిది రెట్లు కాదు, ఒక పాలు నీరైనా ఉండదు. అప్పుడు కాలువలోంచి వచ్చిన మురుగే ఏరు. అదే ఇసుకలో చెలమ తీసి, బోరు దించి తాగునీరు తోడుకునే ఊళ్లున్నాయి కాబట్టి, పెద్ద నది పక్కన ఉన్న నగరం కంటే ఈ చిన్న ఊళ్లకే శుద్ధి ఎక్కువ అవసరం.

ఆ శుద్ధికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వరుసగా తవ్విన మూడు కుంటలు చాలు. లోతైన మొదటి కుంటలో మడ్డి అడుగుకు చేరితే, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. రెండోదానిలో నాచు పగటిపూట వదిలే ప్రాణవాయువుతో వేరే జీవులు మిగిలిన మలినాన్ని తింటాయి. లోతు తక్కువైన మూడోదానిలో రోగ క్రిములను చాలావరకు ఎండే చంపుతుంది. కావలసిందల్లా స్థలం, ఎండ; ఎండకు మనకు కొదవ లేదు. స్థలం చాలని చోట గులకరాళ్ల మడిలో జమ్ము, మెట్టతామర నాటి, వాటి వేళ్ల మధ్యగా నీటిని నడిపిస్తారు. ఏ పద్ధతిలోనైనా పూడిక తీయడం, పెరిగిన మొక్కలను కోయడం ఆగిపోతే కొన్నేళ్లలో అది మళ్లీ మురుగు గుంటే అవుతుంది. కట్టడానికి నిధులు తెచ్చినంత సులువుగా ఈ పనికి మనిషిని పెట్టలేకపోతున్నారు.

శుద్ధి చేసిన నీటిని కూడా వేసవిలో ఏటికి పంపనక్కర్లేదు. తీరం వెంట సరుగుడు తోటలున్నాయి, వాటికి నీరు కావలసిందీ అప్పుడే. వానలు పడి తోటలకు అక్కర్లేని నెలల్లో ఏటిలోకి వదిలితే, అప్పటికి ఏరు పారుతూ ఉంటుంది.