బూట్లు లేకే వరల్డ్ కప్ పోయిందా? మన ఫుట్‌బాల్ జట్టుపై అపోహలు – వాస్తవాలు

పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పించే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి మన జట్టు చరిత్ర గురించి రకరకాల మాటలు చెవిన పడుతుంటాయి. తల్లిదండ్రులు అడుగుతారు, క్విజ్‌లకి తయారయ్యే పిల్లలు అడుగుతారు, మిగతావి వాట్సాప్‌లో వస్తాయి. కొన్ని పచ్చి అబద్ధాలు, కొన్ని సగం నిజాలు. నాకు చిరాకు తెప్పించేవి ఆ సగం నిజాలే.

అపోహ: 1950 వరల్డ్ కప్‌కి మనవాళ్లు వెళ్తామన్నారు, బూట్లు లేవని ఫిఫా రానివ్వలేదు.

అన్నిట్లోకీ మొండి అపోహ ఇదే. జరిగింది వేరు. బర్మా, ఫిలిప్పీన్స్ లాంటి జట్లు తప్పుకోవడంతో ఒక్క క్వాలిఫయింగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే మనకి బెర్త్ దొరికింది. డ్రాలో స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో కలిపి వేశారు. ప్రయాణ ఖర్చులో చాలా భాగం మేం పెట్టుకుంటామని ఆతిథ్యం ఇస్తున్న బ్రెజిల్ వాళ్లు అన్నారు కూడా. అయినా మన ఫెడరేషనే రామని చెప్పేసింది. జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలు, ప్రాక్టీసుకి టైం చాలదు అన్నవి అధికారికంగా చెప్పిన కారణాలు. నన్నడిగితే వాటి వెనక ఇంకోటి ఉంది, అప్పటి మన పెద్దలకి ఆట అంటే ఒలింపిక్సే, వరల్డ్ కప్ విలువ వాళ్లకి తట్టనే లేదు. ఆ జట్టుకి కెప్టెన్‌గా వెళ్లాల్సిన శైలేన్ మన్నా కూడా తర్వాతి కాలంలో ఈ బూట్ల కథని కొట్టిపారేశారు.

బూట్లే అడ్డమైతే, రెండేళ్ల తర్వాత 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన వాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఎలా ఆడారు మరి? ఆడారు, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు కూడా. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు. పొడి నేల మీద ఉత్త కాలికి బంతి మీద మంచి పట్టు ఉంటుంది, అది నేను ఒప్పుకుంటాను, కానీ చల్లటి తడి గడ్డి మీద ఒక్కసారి మలుపు తిరగబోతే పాదం జారుతుంది, ఎదుటివాడి బూట్ల కింది స్టడ్స్ (మొనలు) కనపడగానే టాకిల్‌కి వెళ్లాల్సిన కాలు తనంతట తానే వెనక్కి వస్తుంది. ఆ ఓటమి తర్వాతే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. అంటే ఆ రూలు ఫిఫా మనల్ని ఆపడానికి పెట్టింది కాదు, దెబ్బ తిన్నాక మనకి మనం పెట్టుకున్నది.

దీనికే తోకగా ఇంకోటి: 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడింది కూడా బూట్లు లేకేనట. ఆ మ్యాచ్‌లో సారంగపాణి రామన్ గోల్‌తో స్కోరు సమం చేశాం, రెండు పెనాల్టీలు చేజార్చుకున్నాం. ఓటమికి అంతకు మించిన కారణం వెతకక్కర్లేదు.

అపోహ: 1950లో వెళ్లుంటే వరల్డ్ కప్ ఆడిన తొలి ఆసియా దేశం మనమే.

కాదు. 1938లోనే డచ్ ఈస్ట్ ఇండీస్, అంటే ఇప్పటి ఇండోనేషియా, ఆడేసింది. హంగరీ చేతిలో 6-0తో ఓడింది.

అపోహ: 1956లో మనం ప్రపంచంలో నాలుగో జట్టు.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన మాట నిజం. కానీ అక్కడ ఆడింది 11 జట్లే. మొదటి రౌండ్‌లో హంగరీ రాకపోవడంతో మనకి వాకోవర్ దొరికింది. అప్పట్లో ఒలింపిక్స్ అమెచ్యూర్లకే కాబట్టి పశ్చిమ యూరప్ ప్రొఫెషనల్స్ ఎవరూ లేరు. మనం గెలిచింది ఒక్క మ్యాచ్, ఆస్ట్రేలియా మీద 4-2. ఆ ఒక్క మ్యాచ్‌లో మాత్రం నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, సెమీస్‌లో యుగోస్లావియా మీద ముందుగా గోల్ వేసిందీ అతనే. ఆ తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా మూడు కొట్టింది.

నా లెక్కలో దీనికన్నా 1960 రోమ్ గొప్పది, మనం గ్రూపు కూడా దాటకపోయినా సరే. హంగరీతో 2-1తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశాం, పెరూతో 3-1తో ఓడాం. మూడు గట్టి జట్ల మీద ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ వేశాం, వాటిలో రెండు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంవి. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన జట్టు కనపడటం అదే ఆఖరు.

అపోహ: ఏషియన్ గేమ్స్ బంగారాలు గాలివాటంగా వచ్చినవి, ఆ రోజుల్లో ఆసియాలో ఆడేవాళ్లెవరు?

1951 ఢిల్లీకి ఈ మాట కొంత వర్తిస్తుంది. ఆరు జట్లే, యుద్ధంలో ఉన్న కొరియా రాలేదు, ఫైనల్లో సాహు మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ని 1-0తో ఓడించాం. 1962 జకార్తా అలా కాదు. నిజమే, అంతకుముందు రెండుసార్లు గెలిచిన తైవాన్‌ని ఆ ఏడాది ఇండోనేషియా రానివ్వలేదు, ఇజ్రాయెల్‌నీ రానివ్వలేదు. దాన్ని మన ప్రతినిధి సోంధీ ప్రశ్నించినందుకు జకార్తా జనం మన జట్టు మీద మండిపడ్డారు, ఫైనల్ ఆడింది ఆ గోల మధ్యనే.

మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్ మీద గెలిచిన మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తలకి కట్టుతో ఉన్న డిఫెండర్‌ని కోచ్ రహీం సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు! దక్షిణ వియత్నాం మీద అతను గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ కొరియానే, మొదట పీకే బెనర్జీ, కాసేపటికే మళ్లీ జర్నైల్. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టగలిగింది, 2-1. గోల్‌లో కూడా అప్పటిదాకా ఆడిన ప్రద్యుత్ బర్మన్ బదులు, ఫ్లూ నుంచి లేచిన పొడగరి పీటర్ తంగరాజ్‌ని పెట్టాడు రహీం. కోచ్‌గా చెబుతున్నా, ఫైనల్ రోజు ఇన్ని మార్పులకి తెగించాలంటే ఎవరి కాలు ఎంత, ఎవరి ఊపిరి ఎంత అన్నది వేలి మీద లెక్కలా తెలిసుండాలి.

అపోహ: రహీం సాబ్ డ్రెస్సింగ్ రూంలో స్పీచ్‌లతో గెలిపించాడు.

ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చాక ఇది బాగా ముదిరింది. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడి పంతులు. ఆయన పని ఎక్కువగా గ్రౌండ్‌లో, ఎవరూ చూడని వేళల్లో జరిగింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి కోచ్‌గా ఉన్నాడు, ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ కొట్టింది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న రూలుతో పోటీలు పెట్టేవాడు, వాటంలేని కాలితోనే ఆడాలన్న పోటీలు పెట్టేవాడు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ మీ పిల్లాణ్ణి ఓ పది నిమిషాలు అలా ఆడించి చూడండి, డ్రిబ్లింగ్ లేదనగానే బంతి రాకముందే తల ఎత్తి పాస్ ఎక్కడ ఇవ్వాలో వెతుక్కుంటాడు. నేనూ ఇప్పటికీ ఇదే వాడతాను, పిల్లలు మొదటి వారం తిట్టుకుంటారు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే. బయటికి వెళ్తే 90. ఆఖరి ఇరవై నిమిషాలు మన కాళ్లు ఆగిపోయేది అందుకే, దాన్ని ఏ స్పీచూ పూడ్చలేదు. జకార్తా నాటికే ఆయనకి క్యాన్సర్, 1963 జూన్‌లో పోయాడు. ఆ పద్ధతిని రాసిపెట్టి అన్ని రాష్ట్రాల్లో అమలు చేసే ఏర్పాటు ఎవరూ చేయలేదు. 1970 బ్యాంకాక్‌లో మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో వచ్చిన కాంస్యమే ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి ఆఖరి పతకం.

అపోహ: 1964లో ఏషియా కప్ ఫైనల్ ఆడాం.

ఫైనల్ అనేదే లేదు. నాలుగు జట్ల లీగ్, ఇజ్రాయెల్ మొదటి స్థానం, మనం రెండు. ఆ టోర్నీలో మళ్లీ ఒక మ్యాచ్ గెలవడానికి 2019 దాకా పట్టింది, అబూధాబీలో థాయ్‌లాండ్ మీద 4-1. 2024 జనవరిలో ఖతర్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా వేయలేదు.

అపోహ: 140 కోట్ల మందిలో పదకొండు మంది దొరకరా?

జనాభాతో ఆట రాదు. ఉరుగ్వే జనాభా 35 లక్షలు, రెండు వరల్డ్ కప్‌లు. క్రొయేషియా 40 లక్షలు, 2018లో ఫైనల్. రెండూ మన హైదరాబాద్ కంటే చిన్నవి. లెక్క పెట్టాల్సింది ఏడాదికి సరైన మ్యాచ్‌లు ఆడే పదేళ్ల పిల్లలెంతమంది అని. మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది వారానికి మూడు రోజులు ప్రాక్టీస్ చేస్తారు, మ్యాచ్ మాత్రం ఎప్పుడో ఓ టోర్నమెంట్‌కి, అదీ రెండు రోజుల్లో అయిపోతుంది. తొమ్మిదో తరగతి రాగానే ఐఐటీ కోచింగ్, ఇక బాల్ అటకెక్కుతుంది.

అపోహ: 2024లో రిఫరీ మోసం చేయకపోతే 2026 వరల్డ్ కప్ టికెట్ మనదే.

వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో, దోహాలో ఖతర్‌తో మ్యాచ్. ఛాంగ్తే గోల్‌తో మనం ముందున్నాం. 73వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపిన బంతి గోల్ లైన్ దాటి బయటికి పోయింది, ఖతర్ ఆటగాడు దాన్ని వెనక్కి లాగాడు, ఇంకొకడు వలలోకి తోశాడు, రిఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ రౌండ్‌లో వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచేసే పద్ధతి) లేదు. అన్యాయమే, ఆ వీడియో చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చివరికి 2-1తో ఓడాం. కానీ ఆ మ్యాచ్ దాకా పరిస్థితి ఎందుకు వచ్చింది? మార్చిలో గువాహటిలో, మన సొంత గడ్డ మీద, ఆఫ్ఘనిస్తాన్ చేతిలో 2-1తో ఓడాం. జూన్‌లో కోల్‌కతాలో మన కెప్టెన్ సునీల్ ఛేత్రీ వీడ్కోలు మ్యాచ్ అని స్టేడియం నిండితే కువైట్‌తో 0-0. ఈ రెంటికీ రిఫరీతో పనిలేదు. పైగా దోహాలో గెలిచినా దొరికేది వరల్డ్ కప్ టికెట్ కాదు, క్వాలిఫయింగ్ మూడో రౌండ్ మాత్రమే, అక్కడ కాచుకుని ఉన్నది జపాన్, కొరియా, ఇరాన్, ఆస్ట్రేలియా లాంటి జట్లు.