నల్ల గడులు

కాజీపేటలో ఒక పాత సామాను దుకాణంలో విప్పి పడేసిన ప్రింటరు కనిపించింది. దాని ముందు భాగంలో చిటికెన వేలంత స్క్రీను, రెండే వరసలది. ఎంతకిస్తావని అడిగితే, "గాజుకు తూకం లేదన్నా, ఊకెనే తీస్కపో" అన్నాడు దుకాణం పిల్లవాడు.

దాన్ని నా కంప్యూటరుకు కలిపి, ప్రాసెసర్ వేడి చూపించే చిన్న తెరగా వాడుకోవాలనుకున్నాను. ఇంటికొచ్చి వెనక్కి తిప్పి చూస్తే ఆకుపచ్చ బోర్డు అంచున 16 రంధ్రాలు. అవి చూడగానే సగం టెన్షన్ పోయింది. వరసకు 16 అక్షరాలు, రెండు వరసలు ఉండే ఇలాంటి స్క్రీన్లలో చాలావాటికి స్క్రీనును నడిపేందుకు 1980లలో హిటాచీ తెచ్చిన హెచ్‌డీ44780 చిప్పో, దాని నకలో ఉంటుంది. అదే లాప్‌టాప్ తెర దొరికి ఉంటే కథ వేరు. దాని వెనక ఉన్న మోడల్ నంబరుకు సరిపడే కంట్రోలర్ బోర్డు విడిగా కొనాలి. మరీ పాతదైతే లోపల వెలుగిచ్చే సన్నని ట్యూబుకు వందల వోల్టులు అందుతుంటాయి, చేతులు దూరంగా ఉంచాలి.

ఇంతకీ ఆ గాజులో ఏముంది? 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ ఒక పదార్థాన్ని వేడి చేస్తుంటే అది రెండుసార్లు కరిగింది. 145 డిగ్రీల దగ్గర మసక ద్రవమైంది, 178 దాటాక తేటపడింది. ఆ మసక స్థితే ద్రవస్ఫటికం. ద్రవంలా కదులుతుంది, కానీ దాని అణువులు ఒక వరస పాటిస్తాయి. స్క్రీనులో ఆ అణువులను, వరంగల్ కొత్తవాడ నేతగాళ్లు దారానికి పురి పెట్టినట్టు, ఒక గాజు నుంచి రెండో గాజు దాకా పావు చుట్టు మెలితిప్పి ఉంచుతారు. గాజులకు బయట రెండు పోలరైజర్ పొరలుంటాయి. ఒకటి నిలువు ఊచల కిటికీ, రెండోది అడ్డ ఊచల కిటికీ అనుకోండి. వెలుగు ఆ పురి వెంట తిరిగి రెండో కిటికీ దాటుతుంది. వోల్టేజీ ఇస్తే పురి విడిపోతుంది, వెలుగు ఆగిపోతుంది, అక్కడ నల్ల చుక్క పడుతుంది. ఒకే దిశలో వోల్టేజీ నిలబెడితే ద్రవం పాడవుతుంది కాబట్టి చిప్పు దాన్ని అటూ ఇటూ మారుస్తూనే ఉంటుంది. ఉత్త గాజుకు బ్యాటరీ తగిలించి చూడాలన్న సరదా మానుకోవడం మంచిది.

పూర్వం ఈ స్క్రీన్లను కంప్యూటరు వెనక ఉండే 25 రంధ్రాల ప్రింటర్ పోర్టుకే కలిపేవాళ్లు. ఇప్పటి కంప్యూటర్లకు అది లేదు కాబట్టి మధ్యలో ఆర్డునో ఉనో బోర్డు పెట్టాను, అంటే మనం రాసిన ప్రోగ్రాంను నడిపే చిన్న బోర్డు. యూఎస్‌బీ తీగలోంచే 5 వోల్టులు వస్తాయి. డేటాకు నాలుగు తీగలు, ఆదేశాలకు రెండు. మూడో రంధ్రానికి 10 కిలో ఓముల పాట్, అంటే తిప్పే రెసిస్టరు. కాంట్రాస్టు దాని చేతిలోనే ఉంటుంది. చాలామంది ఆ పాట్ తిప్పకుండానే స్క్రీను చచ్చిందని పారేస్తారు.

నాకు మాత్రం పై వరసంతా నల్ల గడులు వచ్చాయి. ఒక సాయంత్రమంతా వాటినే చూస్తూ కూర్చున్నాను. గడులు కనిపించాయంటే కరెంటు అందింది, గాజు బాగుంది, చిప్పుకు మాత్రం మన మాట ఇంకా చేరలేదని అర్థం. తప్పు నాదే, ప్రోగ్రాంలో నాలుగు డేటా తీగల వరస తలకిందులుగా రాశాను. ఇంకో సంగతి, ఈ చిప్పును తొందరపెట్టకూడదు. ఒక అక్షరానికి సుమారు 40 మైక్రోసెకన్లు చాలు గానీ, స్క్రీను తుడవమంటే ఒకటిన్నర మిల్లీసెకన్లు తీసుకుంటుంది.

మే నెల మధ్యాహ్నం గదిలో వేడెక్కితే మళ్లీ గడులు నల్లబడతాయి. అప్పుడు చెడిపోయిందేమీ లేదు. వేడికి అణువుల పురి తక్కువ వోల్టేజీకే విడిపోతుంది. పాట్ కొంచెం తిప్పితే సరి.

ఇక తెలుగు. చిప్పులో ఇంగ్లిషు ఉంది, చాలావాటిలో జపాను కటకానా కూడా ఉంది, మనది లేదు. మనం గీసుకోవడానికి ఎనిమిది అక్షరాలకే చోటు, ఒక్కోటి 5 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. 'ఓరుగల్లు' అని గీద్దామని కూర్చున్నాను. ఓ, రు, గ ఎలాగో కుదిరాయి. 'ల్లు' దగ్గర వత్తుకు చోటు చాలక దాన్ని కింది వరసలోకి దించాను. కింద కంప్యూటరు ప్రాసెసర్ వేడి చూపే అంకెలు ఇప్పుడు ఆ వత్తును తప్పించుకుని, కుడి చివర సర్దుకుని కూర్చున్నాయి.