పెట్టె మారింది, గది మారలేదు

కొత్త డ్యాక్ కొన్న రోజు మా ఇంట్లో చిన్న పండగ. అంతవరకు ఫోన్ నుంచి యాంప్లిఫయర్‌కి నేరుగా వైరు పెట్టి పాటలు వినేవాణ్ణి. ఇప్పుడు మధ్యలో అరచేతిలో పట్టే నల్లపెట్టె ఒకటి చేరింది. అంకెల రూపంలో ఉన్న పాటను యాంప్లిఫయర్‌కి పనికొచ్చే విద్యుత్ తరంగంగా మార్చడం దాని పని. మొదటి పాటకే తేడా తెలిసింది. గొంతు ముందుకొచ్చింది, మృదంగం దెబ్బకు బరువు వచ్చింది. రెండు రోజులపాటు ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు పాట వినిపించాను. మూడో రోజు మా అమ్మాయి "నాన్నా, సౌండు పెరిగింది, అంతేగా?" అనేసింది.

ఉక్రోషం వచ్చింది కానీ కొట్టిపారేసే మాట కాదు. ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి సాధారణంగా వచ్చేది ఒక వోల్టు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఇలాంటి పెట్టెలు 2 వోల్టులు ఇస్తాయి. వోల్టేజి రెట్టింపైతే శబ్దం 6 డెసిబెళ్లు (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) పెరిగినట్టు. పైగా మన చెవికో పక్షపాతం ఉంది. చిన్న శబ్దంలో అది మంద్ర స్వరాలను సరిగా పట్టించుకోదు, శబ్దం పెంచితే అవి మిగతా వాటికంటే ఎక్కువగా పైకి లేస్తాయి. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. కాబట్టి కాస్త గట్టిగా మోగే పెట్టె ఎప్పుడూ 'నిండుగా' వినిపిస్తుంది. షోరూముల్లో ఏది ముందు వినిపించాలో, ఎంత సౌండు పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు.

మల్టీమీటరు తీసి, ఒకే స్వరం మోగిస్తూ స్పీకరు దగ్గర నేరుగా ఫోన్ నుంచి వచ్చేదాన్నీ, పెట్టె మీదుగా వచ్చేదాన్నీ ఒకే వోల్టేజికి తెచ్చాను. పెట్టె మీద తువ్వాలు కప్పాం. వైర్లు మార్చేది అమ్మాయి, కళ్లు మూసుకుని చెప్పేది నేను. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. ఫరవాలేదే అనుకుంటారేమో, నాణెం ఎగరేసి చెప్పినా ఆరు లేదా అంతకంటే ఎక్కువ కుదిరే అవకాశం నూటికి 38. తొమ్మిది కుదిరి ఉంటే మీసం మెలేసేవాణ్ణి, ఎందుకంటే గుడ్డిగా అన్ని కుదిరే అవకాశం నూటికి ఒకటే.

ఇంత తక్కువ తేడా ఎందుకుంది? సీడీ 1982లో బజారులోకి వచ్చింది. ధ్వని తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా రాసుకోవడం దాని పద్ధతి. (ఈ వింత సంఖ్య వీడియో టేపు పుణ్యం. అప్పట్లో అన్ని అంకెలు పట్టేది దాని మీదే. ఒక్కో గీతలో 3 కొలతలు, ఫీల్డుకు (వీడియో బొమ్మలో సగం) 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించి చూడండి.) కొలతల మధ్య ఖాళీల్లో పాట పోతుందనీ, తరంగం మెట్లు మెట్లుగా తయారవుతుందనీ అమ్మేవాళ్లు బొమ్మ గీసి చూపిస్తారు. ఆ బొమ్మ తప్పు. చుక్కల ముగ్గు తలుచుకోండి. ఒకే చుక్కల మీద పది రకాల ముగ్గులు వేయొచ్చు. ఇక్కడ మాత్రం ఒక షరతు ఉంది: కొలిచే వేగంలో సగానికి పైబడిన కంపనం ఏదీ అందులో ఉండకూడదు. ఆ షరతుకు లోబడితే అన్ని చుక్కల మీదుగా వెళ్లే గీత ఒక్కటే ఉంటుంది. నైక్విస్ట్ అనే ఇంజినీరు 1928లో పునాది వేసి, షానన్ అనే గణితజ్ఞుడు 1949లో గణితంతో కట్టిచూపిన సంగతి ఇదే. మనిషి చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది, అదీ చిన్నతనంలో. 44,100లో సగం 22,050. సరిపోయింది.

ఇక బిట్లు. అతి చిన్న చప్పుడుకీ అతి పెద్ద చప్పుడుకీ మధ్య ఎడం వీటి మీదే ఆధారపడుతుంది. ఒక్కో బిట్టుకు సుమారు 6 డెసిబెళ్లు, 16 బిట్లకు 96. ఫ్యాన్ తిరిగే మన గదిలో 40 డెసిబెళ్ల చప్పుడు మామూలే. ఆ చప్పుడు మీద 96 పేర్చితే 136, చెవి నొప్పి పుట్టే హద్దు దాటిపోయాం. 24 బిట్లు స్టూడియోలో రికార్డు చేసేవాళ్లకు అక్కరకొస్తాయి. మన హాల్లో ఫ్యాన్ వాటిని మింగేస్తుంది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికన్లు, సీడీ కంటే సూక్ష్మంగా రికార్డు చేసిన సంగీతాన్ని సీడీ స్థాయికి కుదించి, కుదించనిదానితో పోల్చి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 49.8 శాతం. 2016లో జాషువా రైస్ అనే పరిశోధకుడు అలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కకడితే 52.3 వచ్చింది, బాగా శిక్షణ పొందినవాళ్లకు సుమారు 60. తేడా బొత్తిగా లేదనలేం. దాని కోసం అప్పు చేయడం మాత్రం అనవసరం. 1950ల నాటి ఘంటసాల పాటకు 24 బిట్ల ముద్ర చూసి మురిసిపోవడం నాకు మరీ వింత. ఆనాటి ఫిల్ముకూ గ్రామఫోన్ రికార్డుకూ ఎక్కనిది ఈనాటి ఫైలులోకి ఎక్కడినుంచి వస్తుంది?

మరి నష్టం ఎక్కడ జరుగుతోంది? మొదటి చోటు మన ఫోన్ సెట్టింగులే. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు. యాప్‌లో నాణ్యత 'ఆటోమేటిక్' అని ఉంటే, సిగ్నల్ తగ్గినప్పుడు అది వందలోపుకు కూడా దిగొచ్చు. నష్టం లేని ఫైలు ఎంచుకున్నా బ్లూటూత్‌లో పంపితే సాధారణంగా మళ్లీ కుదింపు తప్పదు. మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో అది సుమారు 328 కిలోబిట్లు. వైఫై స్ట్రీమరు కొనడానికి నేను ఒప్పుకునే కారణం ఇదొక్కటే. పాటను అది తానే నెట్‌ నుంచి తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌గా మిగులుతుంది, మధ్యలో కాల్ వచ్చినా పాట ఆగదు. వేలు పోసి కొనే 'మ్యూజిక్' నెట్‌వర్క్ కేబుల్ గురించి చెప్పాలంటే, దారిలో పోయిన ప్యాకెట్టును మళ్లీ తెప్పించుకునే ఏర్పాటు ఇంటర్నెట్‌లోనే ఉంది. తీగ బంగారంతో చేసినా అంకె అంకెగానే చేరుతుంది. స్పీకర్లలో 'గుంయ్' అని సన్నగా హోరు వస్తుంటే మాత్రం అనుమానించాల్సింది ఇంటి ఎర్తింగును. ల్యాప్‌టాప్, యాంప్లిఫయర్ ఒకే బోర్డుకు పెట్టి చూస్తే చాలాసార్లు అదే తగ్గుతుంది.

రెండో చోటు గది. ఇక్కడే అసలు దోపిడీ. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాల కట్టారు. లోపల పాఠం చెబితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, మాట ఆగాక కూడా 5.5 సెకన్లు మోగుతూనే ఉండేది. సరిచేయమని వాలెస్ సబైన్ అనే 27 ఏళ్ల భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. పగలు వీధి చప్పుడు, అందుకని రాత్రిళ్లు పని. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు మోసుకొచ్చి పరిచేవాళ్లు. ఆర్గన్ గొట్టం ఊది, ఆపి, మోత చచ్చేదాకా గడియారం పట్టుకునేవాళ్లు. మరికొన్ని మెత్తలు, మళ్లీ ఊదడం. తెల్లారేలోపు మెత్తలన్నీ తిరిగి థియేటర్‌కి చేరాలి. ఆ మోతలో నుంచి ఒక సూత్రం బయటికొచ్చింది: గది ఘనపరిమాణాన్ని (ఘనమీటర్లలో) 0.161తో గుణించి, గదిలో ధ్వనిని పీల్చే మొత్తంతో (ఒక్కో ఉపరితలం చదరపు మీటర్లను అది పీల్చే వంతుతో గుణించి కూడితే వచ్చేది) భాగిస్తే మోత ఎన్ని సెకన్లుంటుందో వస్తుంది.

మా హాలు 14 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 10. ఘనపరిమాణం సుమారు 48 ఘనమీటర్లు. సిమెంటు గోడలు, స్లాబు, టైల్స్, అంతా కలిపి 80 చదరపు మీటర్లు. తమ మీద పడే ధ్వనిలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటాయనుకుందాం. లెక్క 3 సెకన్ల పైమాటే, సామాను లేని గదికి. దళసరి కర్టెన్లు, దూది పరుపులు ఓ 12 చదరపు మీటర్లు చేర్చి, అవి సగం పీల్చుకుంటాయనుకుంటే మోత ఒక సెకను లోపుకు పడిపోతుంది. ఏ డ్యాకూ ఇంత మార్పు తేలేదు.

పరుపులకు లొంగనివి మంద్ర స్వరాలు. 12 అడుగుల ఎడంలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఊయల ఊగుతుంది. సోఫా గోడకు ఆనించి కూర్చుంటే ఆ స్వరం గుడగుడలాడుతుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాయమవుతుంది. సోఫాను రెండడుగులు ముందుకు జరపడం ఉచితం. ఆ ఒక్క స్వరాన్నీ ఈక్వలైజరులో (ఎంచుకున్న స్వరాలను విడిగా పెంచి తగ్గించే సాధనం) తగ్గిస్తే గుడగుడ అణుగుతుంది. మాయమైన చోట మాత్రం ఎంత పెంచినా తిరిగిరాదు, యాంప్లిఫయరు వేడెక్కడమే మిగులుతుంది.

షోకేసులో ఇరికించిన స్పీకర్లను బయటికి తీసి, చెవి ఎత్తుకు స్టూళ్ల మీద పెట్టాను. షోకేసు ఖాళీలో మా ఆవిడ ఇత్తడి సామాను సర్దేసింది, ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. ఎదురు గోడకు నిలబెట్టినవి మేం పడుకునే దూది పరుపులే. పాటలయ్యాక రాత్రి వాటిని గదిలోకి మోయాలి, సాయంత్రం మళ్లీ హాల్లోకి మోయాలి. ఒక కొస అమ్మాయి పట్టుకుంటుంది, సణుక్కుంటూ.