పెలిమ్ మాన్సీ రాజ్యం: అపోహలు - వాస్తవాలు

ఉరల్ ప్రాంత చరిత్ర పాఠం చెప్పేటప్పుడు విద్యార్థుల నోట నాకు తరచూ వినబడే మాటలివి.

అపోహ: 1580లలో కసాక్ నాయకుడు యెర్మాక్ వెళ్లేదాకా ఉరల్ కొండల అవతల చెదురుమదురు వేటగాళ్లే ఉండేవారు.

వాస్తవం: యెర్మాక్‌కు నూరేళ్ల ముందే మాస్కో సైన్యం అటు వెళ్లాల్సి వచ్చింది. అందుకు కారణం పెలిమ్. పెలిమ్ నది తవ్దా నదిలో కలిసేచోట మాన్సీలనే స్థానిక జాతివాళ్ల రాజ్యం ఉండేది. దాని పాలకుడు అసికా 1455లో కొండలు దాటి వెళ్లి పెర్మ్ బిషప్ పితిరిమ్‌ను చంపాడు. 1467లో ఉరల్‌కు పడమట ఉన్న వ్యాత్కా ప్రాంతపు రష్యన్లకు చిక్కాడు. అయినా 1481లో మళ్లీ దండెత్తి పెర్మ్ రాజు మిఖాయిల్‌ను హతమార్చాడు. అప్పుడు మాస్కో పాలకుడు మూడవ ఇవాన్ సైన్యాన్ని పంపాడు. 1483 జూలై 29న ఆ సేనానులు ఫ్యోదర్ కుర్బ్‌స్కీ, ఇవాన్ సల్తిక్ త్రావిన్ కలిసి అసికా కొడుకు యుమ్షాన్‌ను ఓడించారు. రష్యన్ సైన్యంలోని ఉస్త్యూగ్ పట్టణంవాళ్లు ఏడుగురు, వోగుల్‌లు (అంటే మాన్సీలే, వేరే జాతి కాదు) "చాలామంది" చనిపోయారని ఆనాటి రష్యన్ చరిత్రకారులు రాసుకున్నారు. తమవాళ్లను లెక్కబెట్టారు, ఎదుటివాళ్లను వదిలేశారు. ఈ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ పాఠం ఆపుతాను. పెలిమ్ గురించి మన చేతిలో ఉన్న కాగితాలన్నీ దాని శత్రువులు రాసినవే.



అపోహ: ఆ ఓటమితో రాజ్యం అంతరించింది.

వాస్తవం: యుమ్షాన్ బిషప్ ఫిలొఫేయ్ మధ్యవర్తిత్వంతో మాస్కో వెళ్లి సంధి చేసుకున్నాడు. రాజ్యం మరో నూరేళ్లకు పైగా నిలిచింది. 1581లో పెలిమ్ వాళ్లు రష్యన్ వర్తక కుటుంబం స్త్రోగనోవ్‌ల ఊళ్ల మీద విరుచుకుపడ్డారు కూడా. అసలు దెబ్బ 1593లో తగిలింది. ఆ ఏడు రష్యన్ సేనాని ప్యోతర్ గోర్చకోవ్ అక్కడ రష్యన్ కోట కట్టాడు. రాజు అబ్లెగిరిమ్‌ను, పెద్ద కొడుకును మంచిమాటలతో రప్పించి చంపమని అతనికి పై నుంచి ఆజ్ఞ ఉంది.

అపోహ: రాత లేనివాళ్లకు చరిత్ర ఉండదు.

వాస్తవం: మాన్సీలు తమ వీరుల కథలను పాటల్లో దాచుకున్నారు. వాటిని వెతుక్కుంటూ హంగేరియన్లు కూడా వెళ్లారు. మాన్సీ భాష హంగేరియన్‌కు దగ్గరి చుట్టం మరి! 1840లలో అంటల్ రెగులీ, 1888-89లో బెర్నాత్ ముంకాచి వెళ్లి, పాడేవాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నారు. ముంకాచి పెలిమ్ యాసను కూడా పట్టుకున్నాడు. ఆ యాస మాట్లాడేవాళ్లు ఇవాళ ఒక్కరూ లేరు. అది వినబడేది అలా రాసిపెట్టుకున్న పుటల్లోనే.